రక్షకభటునకు కావలసిన చదువు

పోలీసు ఉద్యోగములకు ప్రకటన వెలువడినప్పుడెల్ల మన రెండు తెలుగు రాష్ట్రములయందును ఒక చర్చ పుట్టుచుండును. కాన్‌స్టేబులునకు ఇంటర్మీడియెటు చాలునా, పట్టభద్రుడే కావలయునా యని. లాఠీ పట్టువానికి బలమైన భుజములుండిన చాలునని కొందఱును, డిగ్రీ నిర్బంధించినచో ఠాణాలన్నియు ధర్మనిలయములగునని కొందఱును వాదించుచున్నారు. ఈ యిరు పక్షములవారును పొరబడుచున్నారని మా యభిప్రాయము. ఎంత చదివెననునది చిన్న ప్రశ్న. ఏమి చదివెననునదియే పెద్ద ప్రశ్న.

ఈ జాడ్యము నేటిది కాదు. 1857 నాటి తిరుగుబాటును చూచి బెదరిన పరాయి ప్రభుత్వము 1861లో పోలీసు చట్టమును చేసినది. మద్రాసు రాజధానికి 1859లోనే వేఱొక చట్టము వచ్చియుండెను. కర్జను ప్రభువు కాలమున 1902లో ఏర్పడిన ఫ్రేజరు సంఘము, పోలీసులు అసమర్థులనియు, లంచగొండులనియు, పీడకులనియు ప్రజలు తలంచుచున్నారని నిర్మొగమాటముగ వ్రాసినది. వ్రాసి చేసిన చికిత్స యేమి? నేరవిచారణకు సబిన్‌స్పెక్టరులను వేఱుగ నియమించి, కాన్‌స్టేబులునకు కావలి, గస్తీ, ఖైదీల వెంట నడచుట యను యాంత్రికమైన పనులే మిగిల్చినది. తల యొకనిది, చేయి మఱియొకనిది! కాన్‌స్టేబులు పని యాంత్రికమైనది కాదనియు, వివేచన కావలసినదనియు జాతీయ పోలీసు సంఘము 1979లోనే చెప్పినను, ఆ గోడ నేటికిని కూలలేదు.

అర్ధరాత్రమున భర్తచే దెబ్బలు తిని ఠాణా మెట్లెక్కిన యిల్లాలికి మొట్టమొదట కనబడువాడు సూపరింటెండెంటు కాడు, కాన్‌స్టేబులు. ఆమె నోట చెప్పిన ఫిర్యాదును వ్రాసి, చదివి వినిపించి, సంతకము గైకొని, నకలు ఉచితముగ నీయవలెనని పాత చట్టమును చెప్పినది, 1-7-2024 నుండి అమలులోనున్న క్రొత్త చట్టమును చెప్పుచున్నది. ఆమె చెప్పినది చెప్పినట్లు తెలుగున వ్రాయగల చేయి యేది? ఒక్క తేదీ తప్పిన, ఒక్క పేరు మాఱిన, ఏండ్లతరబడి నడచిన కేసు న్యాయస్థానమున కుప్పకూలుటలేదా? ఏడేండ్లును అంతకు మించియు శిక్షపడు నేరములలో శాస్త్రపరీక్షకులు నేరస్థలమునకు రావలెనని క్రొత్త చట్టము విధించినది. మంచిదే. కాని వారు వచ్చువఱకు ఆ స్థలమును కాచువాడెవడు? నెత్తుటి మరకను త్రొక్కరాదని యెఱిగియుండవలసినవాడెవడు? నిర్బంధించిన మనుజునికి కారణము తెలుపవలెననియు, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెననియు రాజ్యాంగపు 22వ యధికరణము ఘోషించుచున్నది. ఆ ఘోష మొదట వినవలసినది చేయిపట్టి లాగువాని చెవి కాదా?

ఇట్టివానికి మనము పెట్టు పరీక్ష యెట్టిది? ఎత్తు కొలుతుము, పరుగెత్తింతుము, దుముకింతుము. పిమ్మట ఇంగ్లీషు, అంకగణితము, సామాన్యశాస్త్రము, చరిత్ర మున్నగు విషయములలో ప్రశ్నలిచ్చి, నాలుగు జవాబులలో నొకదానికి గుఱుతు పెట్టుమందుము. రాజ్యాంగమును గూర్చియు కొన్ని ప్రశ్నలుండవచ్చును. కాని ఒక దుఃఖితుని గోడు విని పది వాక్యములు తప్పులేక వ్రాయగలడో లేడో యని పరీక్షించు వారు లేరు. పిదప సుమారు తొమ్మిది మాసముల శిక్షణ. అందును కవాతునకు పోగా చట్టమునకు మిగులునది యెంత?

డిగ్రీయే మందనువారికి మా ప్రత్యుత్తరమిది. నిరుద్యోగబాధచే పట్టభద్రులును, ఇంజనీరింగు చదివినవారును కాన్‌స్టేబులు కొలువులకు ఇప్పటికే బారులు తీఱుచున్నారు. వారు చేరినంతమాత్రమున ఠాణా మాఱెనా? డిగ్రీని నిర్బంధించినచో, కళాశాలలో మూడేండ్లు గడపజాలని కూలివాని కొడుకునకు వాకిలి మూయుట తప్ప వేఱు ఫలము లేదు. పేదవాని కష్టమెఱిగినవానినే ఠాణానుండి వెడలగొట్టుట సంస్కారమా?

పోలీసు అధికారియెదుట చేసిన నేరాంగీకారము చెల్లదని 1872లో పరాయి ప్రభుత్వము శాసించెను. 2023 నాటి సాక్ష్య చట్టమందును ఆ నిబంధన నిలిచియున్నది. నిలువవలసినదే. కాని నూటయేబది యేండ్లు గడచినను చట్టమే నమ్మజాలని యుద్యోగిగ తన్ను నిలిపియుంచుట యే యభిమానవంతునకు సమ్మతము? ఆ యవమానము మాపునది పట్టా కాదు, నడవడి. నడవడి నేర్పునది శిక్షణ.

కావున మేము కోరునది స్పష్టము. ఇంటర్మీడియెటు అర్హత యట్లే యుండుగాక. ఫిర్యాదు విని మాతృభాషయందు వ్రాయు పరీక్షను తప్పనిసరి చేయుడు. శిక్షణను రెండేండ్లకు పెంచి, అందు సగము చట్టమునకును, నేరస్థల పరిరక్షణమునకును, స్త్రీలతోడను దళితులతోడను ఆదివాసులతోడను మెలగవలసిన విధమునకును కేటాయింపుడు. కొలువులో నుండి చదువుకొన్నవానికి నేరవిచారణాధికారి యగు దారిని విశాలము చేయుడు. ఉన్నతాధికారులకు శిక్షణమిచ్చు సర్దారు వల్లభభాయి పటేలు జాతీయ పోలీసు అకాడమీ 1975 నుండి హైదరాబాదుననే యున్నది. ఆ దీపపు వెలుగు మండలపు ఠాణా గడపవఱకు ప్రసరింపవలదా?

ధనము లేదని ప్రభుత్వములు పలుకును. వాహనములకును, నిఘా కెమేరాలకును దొరకిన ధనము మనుష్యుని తీర్చిదిద్దుటకు దొరకకపోవుట వింత. పరాయివాడు తనకు కావలసిన పోలీసును తయారుచేసికొనెను. స్వతంత్ర ప్రజలకు కావలసిన పోలీసును మనమింకను తయారుచేసికొనలేదు. నిరపరాధియైన పేదవాడు ఠాణా మెట్లు వణకక యెక్కిననాడే ఆ పని ముగిసినట్లు. అంతవఱకు ఎన్ని డిగ్రీలున్నను అవి గోడకు వ్రేలాడు కాగితములే.