కోట్లు తీసుకునేవాడికి యూనియన్ ఎందుకంటారా?



మొన్న జుమా నమాజ్ అయ్యాక చాయ్ హోటల్ దగ్గర ఓ పెద్దమనిషి పడీపడీ నవ్వారు. మా మేనల్లుడు మొహమ్మద్ సలాహ్ పేరున్న ఎర్ర జెర్సీ వేసుకుని, ఇంగ్లాండ్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్లకు కూడా యూనియన్ ఉందని చెప్పాడు. అదీ సంగతి. "వారానికి లక్షల పౌండ్లు తీసుకునేవాడికి యూనియనా? నాషుక్రీ కాకపోతే ఏంటిది!" అన్నారాయన. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు.

వయసులో పెద్దాయన, అదబ్ కొద్దీ అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను. ఆ మాట గలత్. గలత్ మాత్రమే కాదు, ఖతర్నాక్ కూడా. ఎందుకంటే ఇదే 'నాషుక్రీ' అనే తాళంతో మన మొహల్లాల్లో టైలర్ల నోళ్లు, డ్రైవర్ల నోళ్లు, మెకానిక్ షాపుల్లో పనిచేసే పిల్లల నోళ్లు మూయిస్తూ వచ్చాం.

జనాబ్, ఆ లక్షల పౌండ్లు ఆస్మాన్ నుంచి ఊడిపడలేదు. 1901లో ఇంగ్లాండ్‌లో ఒక కాయిదా వచ్చింది. ఎంత పెద్ద ఆటగాడికైనా వారానికి 4 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదు. మైదానం కిటకిటలాడనీ, గేటు డబ్బు సంచుల్లో నిండనీ, ఆడేవాడికి మాత్రం 4 పౌండ్లే. అంతకన్నా పెద్ద జుల్మ్ ఇంకొకటుంది. కాంట్రాక్టు ముగిసినా ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు గుప్పెట్లోనే ఉండేది. మాలిక్ వదిలితేనే ఇంకో క్లబ్బుకు ఆడాలి. వదలకపోతే ఆటా లేదు, జీతమూ లేదు. గులామీ అనేది పెద్ద మాటే, నిజంగా సంకెళ్లు మోసినవాళ్ల ముందు ఊరికే వాడకూడదు. అయినా దీన్ని నౌకరీ అనడానికి కూడా నాకు నోరు రావడం లేదు.

1907లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు థామస్ బ్లాక్‌స్టాక్ రిజర్వు మ్యాచ్‌లో బంతిని తలతో కొట్టి కుప్పకూలాడు. ప్రాణం పోయింది. ఇంటివాళ్లకు పరిహారం దక్కలేదు. అదే ఏడాది డిసెంబర్ 2న మాంచెస్టర్‌లోని ఇంపీరియల్ హోటల్‌లో ఆటగాళ్లు కూర్చుని యూనియన్ పెట్టుకున్నారు. 1898లో ఒకసారి పెట్టారు గానీ అది ఎక్కువ కాలం నిలబడలేదు. ఈసారి ముందు నిలిచింది బిల్లీ మెరెడిత్. వేల్స్‌లోని చర్క్ ఊరి బొగ్గు గనిలో చిన్నప్పుడే దిగినవాడు. ఫరిష్తా ఏమీ కాదు. ఎదుటి జట్టు ఆటగాడికి లంచం ఇవ్వజూపాడని 1905లో సస్పెండ్ అయినవాడే. కానీ గనిలో పనిచేసినవాడికి జమాత్ బలమేంటో తెలుసు.

ఇక 1909. నాకు ఈ కిస్సాలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఫుట్‌బాల్ అసోసియేషన్ హుకుం జారీ చేసింది: జూలై 1 లోపు యూనియన్‌కు రాజీనామా చేయండి, లేకపోతే ఆట నుంచి బయటికి. దేశమంతా చాలామంది భయపడి రాజీనామా చేశారు. వాళ్లను నేను తప్పుపట్టను, ఇంట్లో దస్తర్‌ఖాన్ మీద రొట్టె కావాలి కదా. మాంచెస్టర్ యునైటెడ్ వాళ్లు మాత్రం లొంగలేదు. అప్పటికి రెండు నెలల కిందటే కప్పు గెలిచిన జట్టది! జీతాలు ఆగిపోయాయి. క్లబ్బు మైదానం కాదంటే ఫాలోఫీల్డ్‌కు వెళ్లి ప్రాక్టీస్ చేశారు. అక్కడ వరసగా కూర్చుని, ముందు ఒక బోర్డు పెట్టుకుని ఫొటో దిగారు. దాని మీద ఏం రాసుకున్నారో తెలుసా? 'ఔట్‌కాస్ట్స్ ఫుట్‌బాల్ క్లబ్'. అంటే వెలివేసినవాళ్ల జట్టు. కెప్టెన్ చార్లీ రాబర్ట్స్ కూడా అందులో ఉన్నాడు. సీజన్ మొదలయ్యే ముందు అసోసియేషనే దిగొచ్చి యూనియన్‌ను గుర్తించింది. అయితే అది పూర్తి ఫతహ్ కాదు. మిగతా కార్మిక సంఘాల సమాఖ్యతో రిష్తా తెంచుకోవాలన్న షరతుకు ఆటగాళ్లు తలొగ్గారు. జీతం కాయిదా అలాగే ఉండిపోయింది. 1912లో హెర్బర్ట్ కింగబీ కేసు కూడా ఓడారు.

ఆ కాయిదా మరో యాభై ఏళ్లు బతికింది. పరిమితి 20 పౌండ్లకు పెరిగింది, అదీ సీజన్‌లో మాత్రమే, వేసవిలో 17. జిమ్మీ హిల్, క్లిఫ్ లాయిడ్ సమ్మె నోటీసు ఇచ్చారు. ఒక సభలో ఓ కుర్రాడు లేచి, మా నాన్న గనిలో మనకన్నా తక్కువకే పనిచేస్తాడు, మనకెందుకు సమ్మె అన్నాడట. అచ్చం మన పెద్దమనిషి మాటే! బోల్టన్ ఆటగాడు టామీ బ్యాంక్స్, తనూ గనిలో పనిచేసినవాడే, జవాబిచ్చాడు. మీ నాన్న పని కష్టమైనదే బాబూ, కానీ వేలమంది ముందు స్టాన్లీ మాథ్యూస్‌ను ఆపమను చూద్దాం అన్నాడు. 1961 జనవరి 21న సమ్మె అనుకుంటే 18వ తేదీనే క్లబ్బులు కాయిదా ఎత్తేశాయి.

జార్జ్ ఈస్తమ్ న్యూకాజిల్‌తో తగవు పడి, ఆట మానేసి కార్క్ అమ్మే నౌకరీ చేశాడు. తర్వాత యూనియన్ అండతో కోర్టుకెక్కాడు. 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ ఆటగాడిని అలా పట్టి ఉంచడం అన్యాయమని తీర్పిచ్చారు. 1995లో బెల్జియం ఆటగాడు బోస్మన్ కేసుతో, కాంట్రాక్టు ముగిసినవాడు ఆజాద్ అన్నది యూరప్‌లో ఖాయమైంది. మా మేనల్లుడి హీరో కాంట్రాక్టు చివరి ఏడాదిలో క్లబ్బుతో బరాబర్‌గా కూర్చుని బేరమాడగలిగాడంటే ఆ దారి వీళ్లు వేసిందే.

యూనియన్‌ను ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. వెస్ట్ బ్రామ్‌విచ్ ఆటగాడు జెఫ్ ఆస్టిల్ 2002లో 59 ఏళ్లకే మతిమరుపు జబ్బుతో చనిపోయాడు. బంతిని తలతో కొట్టీ కొట్టీ వచ్చిన, పని వల్ల కలిగిన జబ్బని విచారణలో తేల్చారు. బ్లాక్‌స్టాక్ పోయిన దాదాపు వందేళ్లకు! ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి యూనియన్ తలుపు తడుతూనే ఉన్నాయి. అప్పుడు దాని పెద్ద గోర్డన్ టేలర్ జీతం ఏడాదికి 20 లక్షల పౌండ్లు దాటింది. షర్మ్ ఉండాలి. మజ్దూర్ల పేరుతో కూర్చున్న కుర్చీ కూడా మాలిక్ కుర్చీ అయిపోతుందనడానికి ఇంతకన్నా మిసాల్ వద్దు.

ఇదంతా విలాయత్ గొడవ, మనకెందుకంటారా? రహీం సాబ్ షహర్ మనది. ఆయన శిష్యులు పోలీసు నౌకరీ చేసుకుంటూ 1962లో జకార్తా నుంచి ఆసియా బంగారం తెచ్చారు. అదే షహర్ పేరు పెట్టుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో దేశ లీగ్ కప్పు గెలిచి, రెండేళ్లు తిరగకముందే ఆటగాళ్లకు ఉజ్రత్ ఇవ్వలేక ఫిఫా నిషేధం తెచ్చుకుంది. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీస్‌ను పిల్లలకు కంఠస్థం చేయిస్తాం కదా. ఆ చెమట బూట్లు వేసుకున్నవాడిదైతే లెక్కలోకి రాదా? దేశంలో ఆటగాళ్ల సంఘం ఒకటి 2006లో బైచుంగ్ భూటియా ముందుండి పెట్టిందే ఉంది. కొడుకుని అకాడమీకి పంపే అబ్బాజాన్‌లలో ఎంతమంది దాని పేరు విన్నారు? ఎంతమంది సంతకానికి ముందు కాంట్రాక్టు చదివించుకున్నారు?

వచ్చే జుమాకి ఆ పెద్దమనిషి చాయ్ నా తరఫున. ఆ ఔట్‌కాస్ట్స్ ఫొటో ఫోన్‌లో పెట్టుకున్నాను, చూపిస్తాను. మేనల్లుడినీ తీసుకెళ్తున్నాను.