గుడి బయట విడిచిన కాలు

కాణిపాకం కథ మా చిత్తూరు జిల్లాలో తెలియనోళ్లు లేరు. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు బావి తవ్వుతుంటే గడ్డపార రాతికి తగిలి నెత్తురు చిమ్మిందంట, ముగ్గురి అవిటితనం పోయిందంట. పక్కన పారే ఏరు బాహుదా. తెగిన చేతులు తిరిగి ఇచ్చిందని దానికా పేరు. కళ్లొచ్చినాయి, నోరొచ్చింది, చెవులొచ్చినాయి, చేతులొచ్చినాయి. కాళ్ల మాటే లేదు. ఎందుకుంటుంది? పురుషుడి పాదాల నుంచి శూద్రుడు పుట్టినాడని చెప్పుకున్నోళ్లకు కాలంటే లోకువ. మేము ఆ పాదాల్లో కూడా లేము. పాదం కింది తోలు మాత్రం మాది.

మా అక్కకు పోలియోతో ఎడమకాలు సన్నబడి పొట్టిదైంది. మడమ నేలకు ఆనదు. మా నాయన మాదిగ, మెట్లు కుట్టేవాడు. తంగేడు చెక్కలో నానేసిన తోలును పొర మీద పొర వేసి మెట్టుకు మడమ కాడ ఎత్తు పెంచినాడు. పాదం లోపలికి ఒరగకుండా అంచుకు తోలుముక్క నిలబెట్టినాడు. వారం నడిపించి, అరికాల్లో యాడ కాయ కాసిందో చూసి, ఆడ రంపెతో చెక్కినాడు. దీన్నే ఆసుపత్రిలో ఆర్థోసిస్ అంటారు. నాయన దానికి పేరు పెట్టలేదు.

తరవాత ఒక క్యాంపులో క్యాలిపర్ ఇచ్చినారు. రెండు ఇనప కడ్డీలు, తొడకు తోలు పట్టీ, మోకాలి కాడ తాళం, కింద బూటు. కడ్డీల కొసలు బూటు మడమలోకి దిగుతాయి. బూటు ఇప్పితే క్యాలిపర్ నిలవదు, క్యాలిపర్ లేకపోతే మనిషి నిలవదు. ఒక గుడి వాకిట్లో "తోలు లోపలికి రాకూడదు, ఇప్పి రామ్మా" అన్నారు. అక్క ఇప్పేసి చేతుల మీద దేకతా పోయింది.

అయ్యా, లోపల మోగే మద్దెలకు మూసింది ఏం తోలు? తిరుపతిలో దేవస్థానం వాళ్ల బర్డ్ ఆసుపత్రిలో దేవుడి సొమ్ముతోనే క్యాలిపర్లు చేస్తారు. దేవుడికి లేని అంటు మీకెందుకు? వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ పెద్ద సర్జన్. కుష్ఠుతో స్పర్శ పోయిన కాళ్లకు ఆపరేషన్లు చేసిన మనిషే, పుండు పడకుండా ఉండాలంటే చెప్పు ముఖ్యమని చెప్పుల మీద ఏళ్ల తరబడి పనిచేసినాడు. ఆయనకు లోకువ కాలేదు.

2014లో దేశానికి పోలియో పోయిందన్నారు. కాళ్ల కష్టం పోలేదు. మా బడిలో ఒక పిలకాయకు ప్లాస్టిక్ పట్టీ ఉంది. చీలమండను నిటారుగా పట్టి, వేళ్లు నేలకు రాసుకోకుండా చేస్తుంది. కాలు పెరుగుతుంది, పట్టీ పెరగదు. బెల్టు తెగినా, కొలత మారినా తిరుపతికి పోవాల. ఆ పొద్దు వాళ్లమ్మకు కూలి పోయినట్టే.

మండలానికొక మనిషిని జీతమిచ్చి కూర్చోబెట్టండి. 1992 చట్టం ప్రకారం గుర్తింపున్న చదువు చదివి, పునరావాస మండలిలో పేరెక్కినోళ్లే ఈ పని చెయ్యాల. చదువు వద్దని నేననను, మా ఇంట్లో తొలి డిగ్రీ నాదే. నాయన పక్కన కూర్చుని ఆరె, రంపె పట్టిన పిలకాయలకు ఆ కోర్సులో సీట్లియ్యండి, ఫీజు లేకుండా. సగం పాఠం వాళ్లకు ముందే వచ్చు.