నిస్తంత్రి కాదు, లుప్తతంత్రి



ముప్పైయేళ్ళకు పైగా ఉన్నత పాఠశాలల్లో సంధులూ సమాసాలూ చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొంటున్న తెలుగు పండితుడు కారులో ఫోను చార్జరు గురించి టపా వ్రాయడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు. అయితే ఈ వ్యవహారంలో మా కుటుంబం సొమ్ము 7,200 రూపాయలు పోయింది. ఒక వేసవి మధ్యాహ్నం శంషాబాదు విమానాశ్రయంలో ఇరవై నిమిషాల సేపు నా ప్రాణం నా దగ్గర లేదు. పైగా ఆలోచించగా ఆలోచించగా దీని మూలం ఒక మాటలోనే ఉన్నదని తేలింది. మాటల సంగతి గనుక నాకు కొంత అధికారం ఉన్నట్లే.

మొదట జరిగినది చెబుతాను. ఈ మార్చిలో మా మేనల్లుడు కారు కొన్నాడు. పెద్దవాణ్ణి పక్కన ఉంచుకోవాలని నన్నూ షోరూముకు తీసికొని వెళ్ళాడు. ఏ కంపెనీయో, ఏ షోరూమో ఇక్కడ అప్రస్తుతం. కారు ధర, రోడ్డు పన్ను, బీమా అన్నీ తేలిన తరువాత ఒక అమ్మాయి నిగనిగలాడే పుస్తకమొకటి మా ముందు పెట్టింది. కాళ్ళ క్రింది చాపలు, గుమ్మాల మీద మెరిసే పట్టీలు, సీట్ల తొడుగులు, వాటన్నిటి నడుమ "వైర్‌లెస్ చార్జరు" అని అరచేతి వెడల్పు నల్లటి పలక. దాని మీద కంపెనీ ముద్ర. ధర 7,200. ఇటువంటి పలకనే కోఠీ గుజరాతీ గల్లీలో పద్దెనిమిది వందలకు ఇస్తామన్నారని మావాడు గుర్తుచేశాడు. ఆ అమ్మాయి చిరునవ్వు చెదరకుండా, "బయట పెట్టిస్తే వారంటీ పోతుంది సార్" అన్నది.

అంతే, బేరం ముగిసింది. పన్నెండు లక్షల కారు వారంటీని ఏడువేల కోసం ఎవడు పణంగా పెడతాడు? మావాడు నా ముఖం చూచాడు. నేను నోరు మెదపలేదు. వారంటీ పుస్తకం ఒకసారి చూపించమ్మా అని అడగవలసినది నేను, అడగలేదు. పిల్లలకు "ఎక్కడ ఉన్నది, ఏ పుటలో ఉన్నది?" అని జీవితమంతా ప్రశ్నించినవాణ్ణి, ఆ చల్లని గదిలో నోరు కట్టేసుకొని కూర్చున్నాను.

ఇక మే నెల సంగతి. మా అమ్మాయి రెండేళ్ళ బిడ్డతో డల్లాస్ నుండి దుబాయి మీదుగా వస్తున్నది. విమానం మధ్యాహ్నం మూడు గంటలకు. వనస్థలిపురంలో బయలుదేరి, పెద్ద అంబర్‌పేట దగ్గర బాహ్యవలయ రహదారి ఎక్కి, తుక్కుగూడ మీదుగా శంషాబాదు వైపు సాగాము. "మామయ్యా, అక్క మీకే కదా ఫోను చేస్తుంది, మీది చార్జింగులో పెట్టండి" అని మావాడు నా ఫోను ఆ పలక మీద పెట్టి, దారిచూపే పటం కూడా అందులోనే తెరిచాడు. అప్పటికి ఇరవై శాతం ఉన్నది. బయట నిప్పులు చెరిగే ఎండ. శంషాబాదు మలుపు దగ్గర తీసి చూస్తే, ఫోను పొయ్యి మీద నుండి దించిన పెనంలా ఉన్నది. చార్జి పద్నాలుగు శాతానికి దిగింది. వేడి తగ్గేవరకు చార్జింగు ఆపివేశానన్న సందేశమొకటి తెర మీద వెలుగుతున్నది.

ఆగమన ద్వారం వద్ద కారు నిలుపనీయరు గనుక నన్ను దించి మావాడు పార్కింగు వెదుక్కుంటూ వెళ్ళాడు. విమానం దిగిందని పలక మీద వచ్చింది. అమ్మాయికి ఇక్కడి సిమ్ లేదు. విమానాశ్రయపు వైఫై అందుకొని నాకే ఫోను చేయాలి. ఆ మోగే క్షణానికే నా ఫోను ఆరిపోయింది. ఇరవై నిమిషాలు. బిడ్డను చంకనెత్తుకొని, పెట్టెలు తోసికొంటూ, తండ్రి ఫోను పలకక ఆ పిల్ల ఏ ద్వారం దగ్గర నిలబడిందో! మేనల్లుడి నంబరు సైతం నాకు కంఠస్థం కాదు. వేయి పద్యాలు నోటికి వచ్చినవాడికి పది అంకెలు రాలేదు.

నా పక్కన పేరు వ్రాసిన అట్టముక్క పట్టుకొని ఒక టాక్సీ డ్రైవరు నిలబడి ఉన్నాడు. నా కంగారు చూచి, "ఏమైంది సార్? చార్జింగ్ అయిపోయిందా? ఇగో, ఇది పెట్టుకోండ్రి" అని జేబులో నుండి పవర్ బ్యాంకు, దానికి వేలాడుతున్న తెల్లటి తీగ తీసి ఇచ్చాడు. ఫోను వెలిగింది, అమ్మాయి దొరికింది, మనుమడు నా మీసం పీకాడు. కథ సుఖాంతం. తీగ తిరిగి ఇస్తూ, మీ బండిలో వైర్‌లెస్ లేదా నాయనా అని అడిగాను. "నా ఫోన్ల ఆ సౌలతే లేదు సార్. వైర్‌తోని ఎక్కుతది గదా, ఇంకేం గావాలె?" అన్నాడు. ఫోను మీద వచ్చే సవారీలతోనే ఇల్లు గడిచే మనిషి అతడు. ఫోను ఆగితే బండి ఆగుతుంది. అటువంటివాడు నమ్ముకున్నది తీగను.

ఇంటికి వచ్చాక ఆ పలక ఎలా పనిచేస్తుందో చదువుకున్నాను. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఒక తీగచుట్టలో విద్యుత్ప్రవాహం మారుతూ ఉంటే, పక్కనే ఉన్న మరొక చుట్టలో తాకకుండానే ప్రవాహం పుడుతుంది. పలక క్రింద ఒక చుట్ట, ఫోను వీపులో ఒక చుట్ట. రెండింటి మధ్య ఎడం కొద్ది మిల్లీమీటర్లే ఉండాలి, కేంద్రాలు ఒకదాని మీదికి ఒకటి రావాలి. గతుకులో ఫోను కాస్త పక్కకు జరిగినా అందే శక్తి తగ్గుతుంది, అందనిది వేడిగా మారుతుంది. దానికి ఫోను చేస్తున్న పని వేడి, ఎండలో నిలిచిన కారు వేడి తోడైతే గోరుచుట్టు మీద రోకటిపోటే. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు గనుక ఫోను తనను తాను కాపాడుకోవడానికి చార్జింగు తగ్గిస్తుంది, లేదా ఆపుతుంది. ఆ రోజు నా ఫోను చేసిన పని సరైనదే. మేలో హైదరాబాదు ఎండను మరచినవాళ్ళం మేము.

ఇప్పుడు మాట సంగతి. వైర్‌లెస్‌కు మనం "నిస్తంత్రి" అని చక్కని మాట చేసికొన్నాము. తంత్రి లేనిది నిస్తంత్రి. దూరవాణికి, ఆకాశవాణికి ఆ మాట సరిపోతుంది. కారులోని పలకకు సరిపోతుందా? ఆ పలక నుండి కారు విద్యుత్తు వరకు తీగ ఉన్నది, డాష్‌బోర్డు క్రింద దాగి ఉన్నది. చుట్టలు రెండూ తీగలే. లేనిది చివరి జానెడు తీగ మాత్రమే. వ్యాకరణంలో లోపమనే సంజ్ఞ ఉన్నది కదా. పాణిని దానిని "లేకపోవడం" అని కాక "కనబడకపోవడం" అని నిర్వచించాడు. కనబడకపోయినా దాని కార్యం జరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఇది నిస్తంత్రి కాదు, లుప్తతంత్రి. ఏడువేలు పోసి మేము కొన్నది తీగ లేకపోవడాన్ని కాదు, తీగ కనబడకపోవడాన్ని.

కనబడకపోవడానికీ విలువ ఉంటుంది, కాదనను. కారు లోపల తీగలు చిందరవందరగా లేకపోవడం కంటికి ఇంపు. చిన్న చిన్న ప్రయాణాలలో ఫోనును అలా పెట్టి ఇలా తీయడం సుఖం. నా ఫిర్యాదు పలక మీద కాదు, దాని మీది ముద్ర మీద. ఆ ముద్రకు తోడుగా వచ్చిన బెదిరింపు మీద.

ఎందుకంటే ఈ విద్య ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. 2008లో పలు కంపెనీలు కూడి వైర్‌లెస్ పవర్ కన్సార్టియం అనే సంఘం పెట్టుకొని "చీ" అనే ప్రమాణాన్ని రూపొందించాయి. చీనా భాషలో ఆ మాటకు ప్రాణశక్తి అని అర్థం. ఎవరు చేసిన పలక మీదనైనా ఎవరు చేసిన ఫోనైనా చార్జి కావాలన్నదే ఆ ప్రమాణం ఉద్దేశం. 2013 నమూనా టొయోటా అవలాన్‌తో అది కార్లలోకి వచ్చింది. 2017లో ఐఫోనులోకీ వచ్చాక ఊరూరా తెలిసింది. ఫోను పక్కకు జరగకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచే "చీ 2" ప్రమాణాన్ని 2023లో ప్రకటించారు. అందరికీ ఒకే లిపి ఉన్నట్లు ఇది అందరికీ ఒకే ప్రమాణం. యూనికోడు రాకముందు ఒకరి ఖతిలో వ్రాసినది మరొకరికి డబ్బాలుగా కనబడిన రోజులు మీకు గుర్తే. ఉమ్మడి ప్రమాణం విలువ మనకు వేరొకరు చెప్పాలా? ఉమ్మడి ప్రమాణంతో చేసిన వస్తువు మీద సొంత ముద్ర వేసి, మా ముద్ర లేకపోతే మీ కారుకు దిక్కు లేదనడం, యూనికోడు తెలుగును మా దుకాణంలో కొన్న కాగితం మీదనే చదవాలనడం వంటిది.

పైగా కార్ల కంపెనీలు తమ పేరుతో అమ్మే ఉపకరణాలలో చాలావాటిని తాము తయారుచేయవు. సరఫరాదారులు చేసి ఇస్తారు. అయినా మనం కొంటాము. "ఏనుగు నిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లు" అని మనవాళ్ళు ఎగతాళి చేశారు గాని, షోరూములలో ఆ సామెతను తిరగేసి మన మీదనే ప్రయోగిస్తున్నారు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడడానికి సిగ్గుపడతాడని వారికి తెలుసు. ఆ సిగ్గుకే ఆ ధర.

అటువైపు న్యాయం కూడా చెప్పాలి. ఏ ప్రమాణమూ లేని నాసి పలక వేడెక్కి ఫోనును పాడుచేయవచ్చు. అనుభవం లేనివాడు కారు తీగలు కోసి అతుకులు వేస్తే ఫ్యూజులు పోవచ్చు, అంతకన్న పెద్ద ప్రమాదమూ రావచ్చు. అటువంటి నష్టానికి కంపెనీ పూచీ పడదనడం సబబే. కానీ "నష్టం కలిగితే పూచీ లేదు" అనడానికీ, "వారంటీ పోతుంది" అనడానికీ హస్తిమశకాంతరం ఉన్నది. ఇంటికి వచ్చాక మావాడి వారంటీ పుస్తకం కళ్ళద్దాలు పెట్టుకొని చదివాను. అందులో ఉన్నది ఇంతే: కంపెనీ ఆమోదించని ఉపకరణం వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు. "వల్ల" అన్నది పంచమీ విభక్తి ప్రత్యయం. వారంటీ అంతా ఆ ఒక్క విభక్తి మీద నిలిచి ఉన్నది. షోరూములో ఆ అమ్మాయి నోట ఆ విభక్తికి లోపం వచ్చింది. పాపం, ఆమెను అనను. ఆమెకు ఎవరో అలాగే నేర్పి ఉంటారు.

ఈ మాట నా తీర్పు మాత్రమే కాదు. కార్ల విడిభాగాల విషయమై శంషేర్ కటారియా అనే ఆయన 2011లో వేసిన ఫిర్యాదును విచారించి, భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న ఉత్తర్వు ఇచ్చింది. విడిభాగాలనూ, లోపాలు కనిపెట్టే పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నాయని 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దు చేయరాదనీ, ఆ మరమ్మతు దోషం వల్ల నష్టం కలిగితే అంతమేరకే రద్దు చేయవచ్చుననీ ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. ఆ ఉత్తర్వు విడిభాగాల గురించే గాని ఫోను చార్జర్ల గురించి కాదు. అయినా అందులోని న్యాయం ఆ పంచమీ విభక్తే. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఒక వస్తువు కావాలంటే మరొకటి కొనితీరాలని షరతు పెట్టడాన్ని తప్పుడు వ్యాపార పద్ధతులలో చేర్చింది. ఉపకరణాల మూట కొంటేనే కారు త్వరగా ఇస్తామనే చోట ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

కాబట్టి కారు కొనబోయే మిత్రులకు నా విన్నపం ఇది. ఉపకరణాల పుస్తకం ముందుకు వచ్చినప్పుడు, "ఏ పుటలో ఉన్నదో చూపించండి, లేదా వ్రాసి ఇవ్వండి" అని అడగండి. మర్యాదగానే అడగండి. నోటి మాటగా చెప్పినది కాగితం మీద పెట్టడానికి చాలామంది వెనుకాడతారు. ఆ వెనుకాటులోనే మీకు సమాధానం దొరుకుతుంది. పలక కొనదలిస్తే ముద్ర కన్న ముందు "చీ" ప్రమాణపు గుర్తు ఉన్నదా, మీ ఫోనుకు ఆ సదుపాయం ఉన్నదా చూడండి. ఫోనుకూ పలకకూ నడుమ నాణేలు, తాళాలు, కార్డులు ఉంచవద్దు. వేసవిలో దూరప్రయాణమైతే మాత్రం ఒక మంచి తీగ కారులో ఉంచుకోండి.

మావాడి కారులో ఆ నల్లటి పలక ఇప్పటికీ ఉన్నది. దాని మీద వాడు కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాడు. దాని పక్కనే నేను రెండువందలు పెట్టి కొన్న తెల్లటి తీగ వేలాడుతున్నది. మేనల్లుడి నంబరూ, అమ్మాయి నంబరూ కంఠస్థం చేశాను. ఆ డ్రైవరు పేరు అడగడం మాత్రం మరచిపోయాను. ఆ వెలితి మిగిలింది.

"లుప్తతంత్రి" అన్న మాట మీకు నచ్చకపోతే ఇంతకన్న మంచిది చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను.