తటాకము, ట్యాంకు

ఆంగ్లమున ‘ట్యాంకు’ అను పదమునకు అర్థములు అనేకము. నీరు నిలువచేయు తొట్టి ట్యాంకు. వాహనమున ఇంధనముండు పాత్ర ట్యాంకు. రణభూమిలో సంచరించు ఉక్కు శకటమును ట్యాంకే. ఈ మూడవ అర్థము కలిగిన తీరు విచిత్రము. ప్రథమ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషువారు ఆ శకటములను రహస్యముగా నిర్మించుచు, అవి నీటితొట్లని చెప్పిరి. 1916 సెప్టెంబరులో సోమ్ నదీప్రాంతమున అవి యుద్ధమునకు దిగినను ఆ మారుపేరే స్థిరపడినది.

పదమూలము పశ్చిమభారతమున కలదు. గుజరాతీ, మరాఠీ భాషలలో భూమిని త్రవ్వి కట్టిన నీటితొట్టికి ‘టాంకు’, ‘టాంకే’ అని పేర్లు. ఇవి సంస్కృత ‘తడాగ’ శబ్దభవములు కావచ్చునని నిఘంటుకారుల ఊహ. ప్రవాహమును అడ్డగించుట అను అర్థమునుండి పుట్టిన పోర్చుగీసు ‘టాంకె’ కూడ అందు కలిసినది. ఇంతమాత్రమునకే ‘ఆ పదము మనదే’ అని పొంగిపోవువారు కలరు. ఆ సంతోషము అల్పము. వెడలిన తడాగమనిన చెరువు. మరలివచ్చిన ట్యాంకు మూతగల తొట్టి.

చెరువనిన నేమో తెలియగోరువారు కడప మండలమున పోరుమామిళ్లకు పోవలెను. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని నామాంతరము గలవాడు, 1369 నాటికి అచ్చట చెరువు నిర్మించి సంస్కృతశాసనము వేయించెను. ఉత్తమ తటాకమునకు పండ్రెండు సాధనములను, ఆరు దోషములను ఆ శాసనము వివరించుచున్నది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రవేత్తయైన బ్రాహ్మణుడు, గట్టినేల, తీయని నీటి నది, రాతికట్ట, పనివాండ్రు సాధనములు. కట్టనుండి నీరు ఊరుట, చౌడునేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట మొదలైనవి దోషములు. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది శ్రమించిరట.

ధర్మశాస్త్రదృష్టిలో తటాకనిర్మాణము సప్తసంతానములలో ఒకటి, పూర్తకర్మ. యజ్ఞాదికమైన ఇష్టమునకు అధికారనియమములు కలవు. పూర్తమునకు స్త్రీశూద్రాదులును అధికారులే. చెరువు నిండిన పిమ్మట వరుణుని పూజించి, గోవును నీట దాటించి, ఆ జలమును సర్వభూతములకు ఉత్సర్గము చేయుదురు. నాటితో దాత స్వామిత్వము తొలగును. తరువాత అతడు త్రాగు నీరు సర్వభూతములలో ఒకడుగా త్రాగునదే. తొట్టిని అమ్మవచ్చును, ఉత్సర్గము చేసిన తటాకమును అమ్ముటకు దాత వంశీయునకు సైతము అధికారము లేదు. చెరువు గర్భమున ఇండ్లస్థలములు కొనువారు, ఆ స్థలమున పూజకు పురోహితుని పిలుచుటకు ముందు ఈ మాట ఆలోచింపవలెను. పిలిచినంతనే వెడలు పురోహితుడును ఆలోచింపవలెను.

కర్నూలు, కడప సీమలలో చెరువు మరవ పారినచో గంగమ్మకు పసుపుకుంకుమలు అర్పింతురు. మిద్దెపైని తొట్టి పొరలినచో మోటారు ఆపుదురు. వేసవిలో ట్యాంకరు కొరకు బిందెలతో వరుసకట్టు గ్రామములందే, కట్ట తెగి ముండ్లకంపలు మొలచిన చెరువులున్నవి. దస్త్రములందును ఫలకములపైనను ‘ట్యాంకు’ అని సరిపెట్టక, ప్రతి చెరువునకును దాని పేరు వ్రాయుట కనీసకార్యము. పోరుమామిళ్ల చెరువు పేరు అనంతరాజసాగరము.