పాతిక ఎకరాలకు ఒకటే పీహెచ్ అంకెనా?

భూసార పరీక్ష కార్డు తీసి చూస్తే పన్నెండు గళ్లు కనిపిస్తాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, సేంద్రియ కర్బనం, లవణాల సూచిక, ఉదజని సూచిక. మనలో చాలామంది చూసేది మొదటి మూడే. ఆ ఉదజని సూచికనే పీహెచ్ అంటారు. ఆ గడిలో 7.2 ఉందో 8.4 ఉందో చూడకుండా మిగతా పదకొండూ చదవడం దండగ అని మా అభిప్రాయం. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ అంకె అసలు మన చేనిదేనా అన్నది.

పీహెచ్ మనకు తెలియని సంగతేమీ కాదు. దిష్టి తీయడానికి పళ్లెంలో పసుపు నీళ్లు పోసి చిటికెడు సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి. సున్నంలోని క్షార గుణాన్ని పసుపు రంగులో చూపిస్తుంది. అందులో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగుకు తిరుగుతుంది. బడిలో పిల్లలు లిట్మస్ కాగితంతో చేసేదీ ఈ పనే. 0 నుంచి 14 వరకు ఉండే కొలతలో 7 తటస్థం, దానికి దిగువన ఆమ్లం, ఎగువన క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా. 7 ఉన్న చేనికీ 8 ఉన్న చేనికీ మధ్య ‘ఒక్కటేగా’ అనుకోవడానికి లేదు.

ఈ కొలత పెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్, 1909లో. ఆయన పనిచేసింది బీరు తయారుచేసే కార్ల్స్‌బర్గ్ వారి ప్రయోగశాలలో. ఎంజైములు ఎంత చురుగ్గా పనిచేస్తాయన్నది అవి ఉన్న ద్రావణపు ఆమ్లత్వాన్ని బట్టి ఉంటుందని ఆయన చూపించాడు. దాన్ని కొలిచి ఒక చోట నిలపకపోతే నిన్నటి ప్రయోగానికీ ఇవాళ్టి ప్రయోగానికీ పోలికే కుదరదు. అందుకే ల్యాబులో ముందు ఆ అంకె సరిచూసుకుని తర్వాత పని మొదలుపెడతారు. మనం ఎకరం మిరపకు లక్షలు పెట్టి చేసే ప్రయోగం మాత్రం ఆ అంకె తెలియకుండానే సాగుతోంది. ‘పక్క చేను ఆయన వేసిందే వేశాం, ఆయనకు పనిచేసింది, మాకు చేయలేదు’ అనే మాట కొట్ల దగ్గర ఎన్నిసార్లు వినలేదు?

తుళ్లూరు వైపు కృష్ణ ఒడ్డున జరీబు నేలలు, లోపలికి వస్తే నల్లరేగడి మెట్ట. పత్తి, మిరప పండే నల్లరేగడిలో పీహెచ్ ఎక్కువగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది. దున్నితే తెల్లటి సున్నపు గడ్డలు తేలే చేలకు ఇది మరీ వర్తిస్తుంది. అలాంటి నేలలో వేసిన డీఏపీలోని భాస్వరం కొంతకాలానికి సున్నంతో కట్టుబడి మొక్కకు అందకుండా పోతుంది. బస్తా మీద బస్తా వేస్తాం, చేలో భాస్వరం పేరుకుంటుంది, మొక్క మాత్రం ఆకలితో ఉంటుంది. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా జీవన ఎరువు పనిచేసేది ఇక్కడే: ఆ సూక్ష్మజీవులు వదిలే ఆమ్లాలు వేరు చుట్టూ పీహెచ్ తగ్గించి కట్టు విప్పుతాయి. జింకు, ఇనుముదీ ఇదే కథ. నేలలో ఉన్నా కరగవు. యూరియా సంగతి వేరు. క్షార నేల మీద పైపైన చల్లి వదిలేస్తే అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. మట్టిలో కలిసేలా వేస్తే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. ఇదేమీ ఖర్చుతో కూడిన పని కాదు.

లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపమని అన్నభేది పిచికారీ చేయమంటారు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదితో పాటు 1 గ్రాము నిమ్మ ఉప్పు కూడా వేయమంటారు. ఆ గ్రాము ఎందుకులే అని మానేసేవాళ్లున్నారు. క్షార గుణమున్న బోరు నీటిలో అన్నభేది ఒక్కటే పోస్తే, కాసేపటికి డ్రమ్ము అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది. ఆ మడ్డి మన డబ్బే. నిమ్మ ఉప్పు నీటి పీహెచ్‌ను తగ్గించి ఇనుమును కరిగిన స్థితిలో ఉంచుతుంది.

పురుగు, తెగులు మందుల్లోనూ కొన్ని క్షార నీటిలో త్వరగా విరిగిపోతాయి. కాప్టాన్‌నే తీసుకుందాం. పీహెచ్ 7 ఉన్న నీటిలో అది సగం విరగడానికి సుమారు 5 గంటలు పడితే, 9 ఉన్న నీటిలో పది నిమిషాలు కూడా పట్టదు. పొద్దున కలిపి మధ్యాహ్నం దాకా కొట్టే పద్ధతికి ఇక అర్థమేముంది?

ఇది తెలిశాక వ్యాపారులు ఊరుకుంటారా. నీటి పీహెచ్ సరిచేస్తుందంటూ సీసాలు వచ్చాయి. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసినప్పటి నుంచి, ఏ మందు కొన్నా దానితో పాటు ఇంకేదో ఒకటి చేతిలో పెట్టడం మామూలైపోయింది. నీళ్లు పరీక్షించకుండా అమ్మే పీహెచ్ సీసాను మేము నమ్మం. అన్ని మందులకూ ఆమ్లం మంచిది కాదు. రాగి మందులున్న ద్రావణాన్ని పుల్లగా మారిస్తే రాగి అతిగా కరిగి ఆకులు మాడతాయి. పాత రైతులకు ఇది బాగా తెలుసు. మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం చేసుకున్నప్పుడు మెరిసే ఇనుప కత్తిని అందులో ముంచి చూసేవారు. కత్తి మీద ఎర్రటి రాగి పూత పడితే ఇంకొంచెం సున్నం పోసేవారు. మీటరు లేని రోజుల్లో చేలో జరిగిన పీహెచ్ పరీక్ష అది. జిప్సం విషయంలోనూ అంతే. పీహెచ్ 8.5 దాటి సోడియం పేరుకున్న కారుచౌడుకు అది మందు. సున్నపు గడ్డలుండి 8.2 చూపించే రేగడిలో పీహెచ్ తగ్గిస్తుందని ట్రాక్టర్ల కొద్దీ తోలితే ఆ అంకె కదలదు.

ఇంతా చేసి ఆ అంకె మనకు ఎలా వస్తోంది? భూసార కార్డుల పథకాన్ని కేంద్రం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభించింది. ఆ పథకం నిబంధన ప్రకారం సాగునీటి భూముల్లో రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా. అంటే మెట్టలో పాతిక ఎకరాలకు ఒక్క సంచి మట్టి. అందులో వచ్చిన అంకెనే ఆ పాతిక ఎకరాల రైతులందరి కార్డుల మీదా వేస్తారు. ఎవరి చేలో సున్నపు గడ్డలున్నాయో, ఎవరిది వాగు పక్క ఒండ్రో ఆ అంకెకు తెలియదు.

అదే 2015లో రాజధాని కోసం ఇక్కడ భూసమీకరణ జరిగింది. జరీబుకు ఎకరాకు ఏడాదికి 50 వేలు, మెట్టకు 30 వేలు కౌలు అని నేలను రెండు రకాలుగా విడదీశారు. సెంటుతో సహా కొలిచారు, సర్వే నంబరు వారీగా పేర్లు రాశారు. భూమి తీసుకునేటప్పుడు సెంటు లెక్క తెలిసిన ప్రభుత్వాలకు, భూమికి వైద్యం చెప్పేటప్పుడు పాతిక ఎకరాలు ఒకే ముద్దగా కనిపించడం ఏమిటి?

కౌలు రైతుది ఇంకో కష్టం. ఏడాదికో చేను మారేవాడికి ఆ నేల కొత్త. దాని గుణం తాతల నాటి నుంచి తెలిసినవాడు కాదు. ఆ అంకె అందరికంటే ఎక్కువ అవసరమున్నది అతనికే. కార్డు మాత్రం యజమాని పేరు మీద, యజమాని ఇంట్లో ఉంటుంది.

కాబట్టి మేము అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక పీహెచ్ మీటరు, దాన్ని సరిచూసే ద్రావణాలు ఉండాలి. మట్టితో పాటు బోరు నీటిని కూడా అక్కడే పరీక్షించాలి. పరీక్షకు ముందు మీటరును తెలిసిన పీహెచ్ ఉన్న ద్రావణంలో పెట్టి చూపించాలి. అలా చూపించని మీటరు కంటే పసుపు నీళ్లే నయం. సాగు చేస్తున్నవారు ఎవరైతే వారి పేరుతోనే కార్డు ఇవ్వాలి. ఎరువుల సిఫారసులో పీహెచ్‌ను బట్టి ఏది, ఎలా వేయాలో తెలుగులో రాయాలి.

ఈలోపు మన చేతిలో ఉన్న పని మనం చేసుకోవచ్చు. వేసవిలో, ఎరువు తోలకముందే, చేలో పది పదిహేను చోట్ల ఇంగ్లీషు వీ అక్షరం ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి, పక్కల నుంచి పైనుంచి కిందిదాకా మట్టి గీరండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు వేసిన చోట వద్దు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి, నీడలో ఆరబెట్టండి. ఎరువుల సంచిలో మాత్రం పోయకండి. చేలో రంగు మారిన చోట వేరే నమూనా తీయండి. సంచిలో సర్వే నంబరు, పోయిన పంట, వేయబోయే పంట రాసిన చీటీ వేసి రైతు సేవా కేంద్రంలో ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.