“బాగున్నారా” అని అడగడం వ్యర్థమైన మాటా?



మన ప్రాంతంలో ఒక బోధ తిరుగుతోంది. బందరు వైపు కూడికల్లో వినబడుతోంది, గుడివాడ వైపు వినబడుతోంది, దివిసీమలోకీ వచ్చింది. విశ్వాసి నోట వాక్యం తప్ప వేరే మాట రాకూడదట. ఆరాధన ముగియగానే తల వంచుకొని ఇంటికి వెళ్లిపోవాలట. గుమ్మం దగ్గర నిలబడి “ఏం అక్కా, మనవరాలికి జ్వరం తగ్గిందా?” అనో, “బాబాయ్, ఊడ్పులు అయిపోయాయా?” అనో అడిగితే అవి లోకసంబంధమైన కబుర్లట. ఈ బోధ పైకి భక్తిలా కనబడుతుంది. కానీ ఇది తప్పు అని మేము చెబుతున్నాం. తప్పు మాత్రమే కాదు, సంఘానికి హాని కూడా.

వాళ్లు చూపించే వచనం మత్తయి 12:36. మనుషులు పలికే ప్రతి వ్యర్థమైన మాటకూ తీర్పు దినాన లెక్క చెప్పాలని ప్రభువు అన్నాడు. నిజమే. కానీ ఆ మాట ఎవరితో అన్నాడు? అదే అధ్యాయం 22వ వచనం నుంచి చదవండి. గుడ్డివాడూ మూగవాడూ అయిన ఒక మనిషిని ప్రభువు బాగుచేస్తే, అది దయ్యాల అధిపతి వల్లే జరిగిందని పరిసయ్యులు నింద వేశారు. ఆ నింద గురించి ఆయన హెచ్చరించాడు. పొరుగువాడి క్షేమం అడిగినవాళ్లు ఆ చోట ఎవరూ లేరు.

ఇంకొకటి గమనించండి. అక్కడ ‘వ్యర్థమైన’ అని మనం చదివే గ్రీకు మాటకు అసలు అర్థం ‘పని చేయని’ అని. మత్తయి 20వ అధ్యాయంలో సంత వీధిలో పని లేక నిలబడిన కూలీల గురించి చెప్పేటప్పుడూ అదే మాట వాడారు. పొద్దున్నే సెంటర్లో టిఫిన్ క్యారేజీ పట్టుకొని, పిలిచేవాడి కోసం ఎదురుచూసే మనుషులు మనకు తెలియనివాళ్లు కాదు. అంటే వ్యర్థమైన మాట అంటే పని చేయని మాట. ఇప్పుడు చెప్పండి: భర్త పోయి మూడు నెలలైన చెల్లెల్ని “అన్నం తింటున్నావా అమ్మా?” అని అడిగిన మాట పని చేయలేదా? మనసు లేకుండా పది సార్లు “హల్లెలూయ” అనేసి, పక్కన కూర్చున్నవాళ్ల మొహం చూడకుండా వెళ్లిపోతే, ఆ రెండింటిలో పని చేయని మాట ఏది?

మన ప్రభువు ఎలా మాట్లాడాడో చూద్దాం. సమరయ స్త్రీతో మొదటి మాట ప్రసంగం కాదు, దాహానికి నీళ్లు ఇమ్మన్నాడు. చెట్టెక్కిన జక్కయ్యను పేరు పెట్టి పిలిచి, మీ ఇంటికే వస్తానన్నాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరితో కలిసి నడుస్తూ, దేని గురించి మాట్లాడుకుంటున్నారని అడిగాడు. మరణాన్ని గెలిచి లేచిన తరువాత తిబెరియ సముద్రం ఒడ్డున నిలబడి శిష్యుల్ని అడిగింది ఏమిటి? తినడానికి ఏమైనా దొరికిందా అని. గిలకలదిండిలోనో, నాగాయలంకలోనో పడవ ఒడ్డుకు రాగానే అందరూ అడిగే “ఏమైనా పడ్డాయా?” అన్న ప్రశ్న అది. తరువాత వాళ్లకు చేపలు కాల్చి పెట్టి తినమన్నాడు. పునరుత్థానుడైన ప్రభువుకు తగిన మాట మనకు లోకసంబంధం ఎలా అవుతుంది?

దారిలో ఎవరికీ వందనం చేయవద్దని ఆయనే చెప్పాడు కదా, లూకా 10:4 చూడండి అని కొందరు అంటారు. చూద్దాం, కానీ 5వ వచనం కూడా చూద్దాం. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు ఆ ఇంటికి సమాధానం పలకమన్నాడు. దారిలో ఆలస్యం చేయవద్దన్నది అందుకే, గుమ్మంలో పలకరించడానికి వేళకు చేరాలని.

చాడీల మాట ఏమిటి అని అడిగేవాళ్లూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. అరుగుల మీద కూర్చొని ఇళ్లు కూల్చిన నాలుకలు మన ఊళ్లలో ఉన్నాయి. నాలుక నిప్పు అని యాకోబు రాసింది ఉత్తినే కాదు. కానీ చాడీ అంటే అక్కడ లేని మనిషి గురించి మాట్లాడటం. పలకరింపు అంటే ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడటం. చాడీకి భయపడి పలకరింపు మానేయడం, కల్తీ నూనెకు భయపడి పొయ్యి ఆర్పేయడం లాంటిది.

ఇక మర్యాద మాట. మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టేది ఇదే. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో ఎవరైనా వస్తే గుమ్మం దాకా ఎదురెళ్లి “రండి, రండి” అంటూ కుర్చీ వేస్తారు. ఊడ్పుల నుంచి కాళ్లు కడుక్కొని వచ్చిన పెద్దావిడను “ఏమే, అటు జరుగు” అంటారు. వయసు చూడరు, చీర చూస్తారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికీ మాసిన బట్టలవాడికీ చోటు వేరు చేసిన సంఘాన్ని యాకోబు రెండవ అధ్యాయంలో ఎలా నిలదీశాడో చదివితే, మన గుమ్మం దగ్గర నిలబడి రాశాడేమో అనిపిస్తుంది.

మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు చేలగట్ల మీద “ఒరేయ్”, “ఒసేయ్” అనే పిలుపులు విని తల వంచినవాళ్లు. పేరుకు చివర ‘గారు’ అన్న మాట వాళ్లు బతికి ఉండగా వినలేదు. క్రీస్తు దగ్గరకు వచ్చినప్పుడు సహోదరుడు, సహోదరి అనే పిలుపు వాళ్లకు దొరికింది. దాని విలువ వాళ్లకు తెలుసు. అలాంటి వాళ్ల పిల్లల సంఘంలో ఉద్యోగం ఉన్నవాడికి ‘గారు’, కూలికి వెళ్లేవాడికి ‘ఏరా’ అయితే, ఆ చేలగట్టును మనమే గుడిలోకి తెచ్చినట్టు. బోయజు కోత కోసేవాళ్ల దగ్గరకు వచ్చినప్పుడు ముందు పలకరించింది యజమానే, రూతు 2:4 చూడండి. యెహోవా మీకు తోడుండాలని అతను అంటే, నిన్ను దీవించాలని వాళ్లు అన్నారు. పలకరింపు కింది నుంచి మొదలవ్వాలనే నియమం బైబిల్లో లేదు.

ఇదంతా చిన్న సంగతి అనుకుంటే, ఈ నేల చరిత్ర గుర్తు చేసుకోండి. 1864 నవంబరు 1న ఉప్పెన బందరును ముంచి దాదాపు 30,000 మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు 10,000 మందికి పైనే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగి లంకలు మునిగాయి. నీళ్లు వచ్చే రాత్రి తుఫాను షెల్టరుకు తాళం తీసేది ప్రభుత్వం కావచ్చు. కానీ ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలమ్మ ఉందో, ఏ కోడలు నెలలు నిండి ఉందో, ఎవరికి చెవులు వినబడవో తెలిసినది పొరుగువాడికే. అది ఎలా తెలుస్తుంది? రోజూ “బాగున్నారా?” అని అడిగి, జవాబు కోసం నిలబడితేనే తెలుస్తుంది. తలవంచుకొని ఇంటికెళ్లే సంఘానికి ఎవరు తప్పిపోయారో కూడా తెలియదు. ఉప్పెన లేని రోజుల్లోనూ అంతే. అప్పుల్లో మునిగిన కౌలు రైతు, మౌనంగా కుమిలే అమ్మాయి ముందుగా ప్రార్థన విన్నపం రాసివ్వరు. ఎవరైనా ఆగి అడిగితే చెబుతారు.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగారు. నోబుల్ పేరున్న బడి మొదలైంది 1843లో. ఈ ఊరికి ఏదైనా చెప్పాలంటే ముందు ఈ ఊరి తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు మన మాట కోసం అంత కష్టపడితే, పుట్టుకతో ఆ మాట ఉన్న మనం పక్కవాడితో మాట్లాడటానికి పిసినారితనం చూపుదామా?

కాబట్టి వచ్చే ఆదివారం ఆరాధన తరువాత ఒక పావుగంట ఎవరూ కదలవద్దని మా మనవి. మీకు బాగా తెలిసినవాళ్ల దగ్గరకు కాదు, తెలియనివాళ్ల దగ్గరకు వెళ్లండి. మన సహోదరులకు మాత్రమే వందనం చేస్తే అందులో గొప్ప ఏముందని ప్రభువే అడిగాడు కదా. పేరు అడగండి, గుర్తుపెట్టుకోండి. పౌలు రోమా పత్రిక చివర 20 మందికి పైగా పేరుపేరునా వందనాలు చెప్పాడు. పెద్దలందరినీ, వాళ్ల పని ఏదైనా, ‘గారు’ అనండి, ‘అండి’ అనండి. బాధ చెప్పుకుంటే వెంటనే వచనం అందుకోకండి. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక మంచి పని, మొదటి ఏడు రోజులు పక్కన ఊరికే కూర్చోవడం. ముందు వినండి. తరువాత కలిసి ప్రార్థించండి.

మన నోటి మాట ఎవరో ఒకరికి పని చేసే మాటగా ఉండేలా దేవుడు మనకు సహాయం చేయును గాక. ఆమెన్.