నూరేళ్ళ యూనివర్సిటీలో మన లెక్క

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్ళు. సభల్లో రాజావార్ల దానాలు చెప్తారు, వైస్ ఛాన్సలర్ల గొప్పలు చెప్తారు. చెప్పనీండి, కాదనం. కానీ ఆ కథలో మన వాడ ఎక్కడుందో ఎవరూ చెప్పరు. అది మనమే చెప్పుకోవాలి.

ముందొక సంగతి తెలుసుకుందాం. యూనివర్సిటీ కంటే కాలేజీలే ముందు పుట్టాయి. విజయనగరం మహారాజా కాలేజీ, విశాఖ ఏవీఎన్, కాకినాడ పిఠాపురం రాజా కాలేజీ, రాజమండ్రి ప్రభుత్వ కాలేజీ, మచిలీపట్నం నోబుల్, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కాలేజీ, ఇవన్నీ మద్రాసు యూనివర్సిటీ కింద నడిచినవే. 1926 చట్టంతో ఇవి కొత్త యూనివర్సిటీ కిందికొచ్చాయి. దాని ఆఫీసు మొదట బెజవాడలో ఉండేది. 1930లో వాల్తేరుకి మారింది. సొంత ఆర్ట్స్ కాలేజీ 1931లో గానీ మొదలవలేదు. అంటే మొదటి అయిదేళ్ళూ జిల్లాల్లోని కాలేజీలే యూనివర్సిటీ.

ఆ కాలేజీల గుమ్మం ఎవరికి తెరిచారు? 1843లో నోబుల్ దొర మచిలీపట్నంలో బడి పెట్టాడు. క్రీస్తు మాట చెప్పడానికొచ్చిన మనిషే. అయినా పై కులాల పిల్లలు బడి మానేస్తారన్న భయంతో మాల మాదిగ పిల్లల్ని చేర్చుకోలేదు. తర్వాత కాకినాడలో పిఠాపురం రాజా కాలేజీ ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు మన పిల్లలకి హాస్టలు నడిపాడు. మంచిని మంచే అందాం. కానీ ఒక మంచి మనిషి దయ మీద నిలబడ్డ చదువు ఆ మనిషితోనే పోతుంది. హక్కుగా వచ్చిన చదువు నిలబడుతుంది.

అంబేడ్కర్ ఈ తేడా ఎరిగినవాడు. ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో ఉండగానే, 1944లో, షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచాడు. ఒకరిచ్చే సీటు కోసం చూడకుండా కాలేజీయే కట్టాడు.

ఇక దానాల సంగతి. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఈ యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలిచ్చాడు. ఆ లక్ష ఎక్కడిది? జమీందారీ శిస్తుది. ఆ శిస్తు ఎక్కడిది? కొండల్లో, పల్లాల్లో దున్నినోళ్ళది, కోసినోళ్ళది. దాత పేరు గోడ మీదుంది. కూలోడి పేరు ఏ గోడ మీదా లేదు.

ఉక్కునగరంలో ఉన్న మాకు ఇది కొత్త కాదు. 1966లో ఉక్కు కోసం విద్యార్థులు రోడ్డెక్కారు, ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది. ఊళ్ళు ఖాళీ చేసినోళ్ళ చేతికి ఆర్ కార్డు వచ్చింది గానీ ఉద్యోగం అందరికీ రాలేదు. ఇచ్చినోడి పేరు మరిచిపోవడం ఇక్కడా అలవాటే.

ఇవాళ్టి మాటకొద్దాం. పల్లెలో ఆడపిల్లకి యూనివర్సిటీ అంటే వాల్తేరు కాదు. పొద్దున్నే బస్సు పాసు మీద పోయి సాయంత్రానికి ఇల్లు చేరే కాలేజీ. 2020 డిసెంబర్‌లో 77వ నెంబరు జీవో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. 2021లో ఎయిడెడ్ కాలేజీల్ని సిబ్బందినీ ఆస్తుల్నీ అప్పగించమన్నారు. పిల్లలు, తల్లిదండ్రులు రోడ్డు మీదికొచ్చాక అదే ప్రభుత్వం మీ ఇష్టమని వెనక్కి తగ్గింది. అడిగితేనే ఆగిందని గుర్తుపెట్టుకోండి. దగ్గర్లో కాలేజీ పోతే ముందు ఆగేది మన ఆడపిల్ల చదువే.

అందుకే మిత్రులారా, రెండు పనులు చెప్తున్నాం. ఒకటి, మీ వాడలో మొదట డిగ్రీ చదివింది ఎవరో, ఏ కాలేజీలోనో, ఏ హాస్టల్లో ఉండో, ఎవరు కూలి చేసి పంపారో నోటుపుస్తకంలో రాయండి. మధ్యలో మానేసినవాళ్ళ పేర్లూ, ఎందుకు మానేశారో కూడా రాయండి. రాయడం రాని ముసలమ్మల చేత చెప్పించుకోండి. రెండు, ఆ పుస్తకం పట్టుకుని ఫీజు గురించి, హాస్టల్ సీట్ల గురించి మీ దగ్గర కాలేజీ ప్రిన్సిపాల్నీ, జిల్లా అధికారుల్నీ అడగండి. ఒక్కరే పోవద్దు, వాడంతా కలిసి పోండి.

నూరేళ్ళ చరిత్రలో మన పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. అది మనమే రాద్దాం.

జై భీమ్!